సరస్సుకు అటొకరు, ఇటొకరు: 2021లో డెమోక్రాట్ల రెండు బిల్లుల కథ

వాషింగ్టన్ రాష్ట్రంలో మేముండే ప్రాంతాన్ని పొడవాటి సరస్సు ఒకటి రెండుగా చీలుస్తుంది. పడమటి ఒడ్డున సియాటిల్. తూర్పు ఒడ్డున బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్, రెడ్‌మండ్. మైక్రోసాఫ్ట్ ఇటువైపే కాబట్టి మన తెలుగు కుటుంబాలు కూడా ఎక్కువగా ఇటే ఉంటాయి. 2021లో అమెరికా ప్రతినిధుల సభలో ప్రోగ్రెసివ్ కాకస్‌కు, అంటే పార్టీలో వామపక్షం వైపు మొగ్గే సభ్యుల కూటమికి, అధ్యక్షురాలు ప్రమీలా జయపాల్. చెన్నైలో పుట్టిన ఆవిడ సియాటిల్‌ ప్రతినిధి. అదే సమయంలో న్యూ డెమోక్రాట్ కోయలిషన్‌కు, అంటే పార్టీలో మోడరేట్ల పెద్ద కూటమికి, అధ్యక్షురాలు సుజాన్ డెల్‌బెనే. ఆవిడ మా తూర్పు ఒడ్డు ప్రతినిధి. ఒకే పార్టీలో ఎదురెదురుగా నిలబడ్డ రెండు వర్గాల నాయకుల మధ్య ఉన్నది ఒక్క తేలే వంతెన.

నేను ఈ ఒడ్డున డెమోక్రటిక్ పార్టీకి ప్రెసింక్ట్ కమిటీ ఆఫీసర్‌ని. మన లెక్కలో బూత్ స్థాయి కార్యకర్త. తలుపులు తడతాను, ఫోన్లు చేస్తాను, స్థానిక సంఘంలో తీర్మానాల మీద చర్చ పెట్టినప్పుడు తరచూ నేనే నడుపుతాను. కొత్తగా పౌరసత్వం వచ్చి పార్టీ పనికి వచ్చే తెలుగువాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ‘అధ్యక్షుడు మీవాడే, రెండు సభలూ మీవే, మరి అంత గొడవ ఎందుకైంది?’ అప్పుడు నేను చెప్పే కేసు ఇది.

ముందు మాటల సంగతి. మోడరేట్లను తెలుగులో మితవాదులు అనవచ్చు. కానీ మన పత్రికలు రైట్‌వింగ్ పార్టీలను కూడా మితవాద పార్టీలనే రాస్తాయి, చదివేవాళ్లు తికమక పడతారు. అందుకే ఇక్కడ మోడరేట్లు, ప్రోగ్రెసివ్‌లు అనే రాస్తున్నాను. ఇద్దరూ డెమోక్రాట్లే. ఇద్దరూ బైడెన్‌ కోసం తలుపులు తట్టినవాళ్లే.

చేతిలో ఉన్న ఓట్లు

2020 ఎన్నికల్లో ప్రతినిధుల సభలో డెమోక్రాట్లకు వచ్చినవి 222 సీట్లు, రిపబ్లికన్లకు 213. 2021 జనవరి 5న జార్జియాలో రెండు సెనేట్ సీట్లూ గెలవడంతో సెనేట్ 50–50 అయింది. ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో ఆధిక్యం. మామూలు బిల్లు సెనేట్‌లో ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. బడ్జెట్‌కు సంబంధించినవైతే రికన్సిలియేషన్ అనే దారిలో సాధారణ ఆధిక్యం చాలు. అంటే 50 మందిలో ఏ ఒక్కరు కాదన్నా బండి ఆగిపోతుంది.

ఆ ‘ఒక్కరు’ ఎప్పుడూ మోడరేట్ సెనేటర్లు జో మాంచిన్, కిర్‌స్టన్ సినెమాలే అనుకోవడం పొరపాటు. 2021 మార్చి 5న గంటకు 15 డాలర్ల కనీస వేతనం కోసం ప్రోగ్రెసివ్ సెనేటర్ బెర్నీ శాండర్స్ తెచ్చిన సవరణ 42–58తో వీగిపోయింది. డెమోక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది వ్యతిరేకించారు. తిట్లు మాత్రం ఇద్దరికే పడ్డాయి. ఇద్దరి వెనక ఇంకొందరు నిశ్శబ్దంగా నిలబడి ఉండటం ఏ పార్టీలోనైనా ఉండేదే. చర్చ నడిపేవాళ్లు ముందు ఆ నిశ్శబ్దాన్ని లెక్కపెట్టుకోవాలి.

రెండు బిల్లులు, ఒక ముడి

మొదటిది రోడ్లు, వంతెనలు, రైలు, తాగునీరు, బ్రాడ్‌బ్యాండ్‌ల మౌలిక సదుపాయాల బిల్లు. కొత్త ఖర్చు సుమారు 55,000 కోట్ల డాలర్లు. దీనికి రిపబ్లికన్ల మద్దతు కూడా దొరికి, ఆగస్టు 10న సెనేట్‌లో 69–30తో గెలిచింది. రెండోది బిల్డ్ బ్యాక్ బెటర్: పిల్లల సంరక్షణ, ప్రీ–కిండర్‌గార్టెన్, మందుల ధరలు, వాతావరణం, ఇమ్మిగ్రేషన్, అన్నీ అందులోనే. మొదట శాండర్స్ 6 లక్షల కోట్ల డాలర్లన్నారు. రికన్సిలియేషన్‌కు దారి తెరిచే బడ్జెట్ తీర్మానంలో అది 3.5 లక్షల కోట్లకు దిగింది.

మోడరేట్లకు మొదటిది వెంటనే కావాలి. జాష్ గాట్‌హైమర్ నాయకత్వంలో తొమ్మిది మంది సభ్యులు, ముందు దాని మీద ఓటు పెట్టకపోతే బడ్జెట్ తీర్మానానికి ఓటెయ్యమని ఆగస్టులో భీష్మించారు. ప్రోగ్రెసివ్‌ల భయం మరొకటి: మొదటిది చేతికందితే మాంచిన్‌లాంటివాళ్లకు రెండోదానితో అవసరం తీరిపోతుంది. అందుకే రెండూ జంటగా నడవాలన్నారు. దాదాపు 95 మంది ఉన్న కాకస్‌లో ఎక్కువమంది ఆ మాట మీద నిలబడ్డారు. అధ్యక్షుడు కూడా జూన్ 24న రెండూ కలిసి వస్తేనే సంతకం పెడతానని అన్నారు. రెండు రోజులకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు రోజుల్లో రెండు వర్గాలూ తమకు అనుకూలమైన బైడెన్‌ను గుర్తుపెట్టుకున్నాయి.

టీవీలో చూసినవాళ్లకు ఇది మొండితనాల పోటీలా కనిపించింది. దగ్గరి నుంచి చూసిన నాకు అసలు తగాదా వేరే చోట ఉందని తర్వాత అర్థమైంది.

అన్నీ కొన్నాళ్లా, కొన్నే చాలాకాలమా

అమెరికా బడ్జెట్ లెక్క పదేళ్లకు వేస్తారు. 3.5 లక్షల కోట్ల బిల్లును సగానికి కోయాలంటే దారులు రెండే. సగం పథకాలు తీసేయాలి, లేదా అన్నీ ఉంచి ఒక్కోదానికి డబ్బిచ్చే ఏళ్లు తగ్గించాలి. మీడియా పట్టించుకున్నది మొత్తం అంకెను. సరస్సుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు నాయకులకు మాత్రం దీని మీదే నిజమైన తేడా ఉంది.

జయపాల్ వాదన: అన్నిటినీ ఉంచుదాం, తక్కువ కాలానికైనా సరే. ఏ పథకాన్ని కోసినా దానికోసం మనల్ని గెలిపించిన ఒక వర్గాన్ని వదిలేసినట్టే. పైగా జనం చేతికి ఒకసారి వచ్చిన సాయాన్ని తీసేసే ధైర్యం రేపు ఎవరికీ ఉండదు. మన ఊళ్లలో వృద్ధాప్య పింఛను ఎత్తేస్తామని ఎవరూ అనలేరు కదా, అటువంటి నమ్మకం. డెల్‌బెనే వాదన: కొన్నే చేద్దాం, కానీ నిలబడేలా చేద్దాం. ఏడాదికోసారి పొడిగింపు కోసం దేబిరించే పథకం, రేపు సభలో ఆధిక్యం ఎవరిదైతే వాళ్ల దయ. ఆవిడ ఆ కొన్నిట్లో మొదట పెట్టినది పిల్లల పన్ను క్రెడిట్, అంటే పిల్లలున్న కుటుంబాలకు పన్నుల ద్వారా ఇచ్చే సాయం. ఏ ప్రోగ్రెసివ్‌కైనా అది ప్రాణమే. కాబట్టి ‘వీళ్లకు పేదల గురించి పట్టదు’ అన్న నింద ఇక్కడ అతకదు.

చివరికి సభలో పాసైన బిల్లులో ఏం జరిగిందో చూడండి. పెంచిన పిల్లల క్రెడిట్‌కు ఒక్క ఏడాది. ప్రీ–కిండర్‌గార్టెన్‌కు, పిల్లల సంరక్షణకు ఆరేళ్లు. ఆరోగ్య బీమా సబ్సిడీలు 2025 దాకా. అంటే జయపాల్ పద్ధతే. డిసెంబర్‌లో బిల్లుల ఖర్చు లెక్కగట్టే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్, రిపబ్లికన్ల కోరిక మీద, ఆ పథకాలన్నీ పదేళ్లూ కొనసాగితే లోటు ఎంత పెరుగుతుందో లెక్కేసింది. 3 లక్షల కోట్ల డాలర్లు అని తేలింది. మాంచిన్‌కు ఆయుధం అక్కడే దొరికింది.

నేను ఆ రోజుల్లో మనసారా జయపాల్ పక్షం. బిల్లులు జంటగా నడవాలన్న పట్టు సరైనదని ఇప్పటికీ అనుకుంటాను. ఏళ్ల విషయంలో మాత్రం డెల్‌బెనే మాటే సరైనదని తేలింది. ఎందుకంటే ‘ఒకసారి ఇస్తే తీసేయలేరు’ అన్న నమ్మకాన్ని ఆ పిల్లల క్రెడిటే కళ్లముందు కూల్చింది. 2021 జులై నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెలా ఒక్కో బిడ్డకు 250 లేదా 300 డాలర్లు ఖాతాలో పడ్డాయి. ఆరు కోట్లకు పైగా పిల్లలకు అందింది. జనవరిలో ఆగిపోయింది. దేశం భగ్గుమనలేదు. పన్ను, అద్దె, తిండి ఖర్చులు కలిపి చూసే సప్లిమెంటల్ కొలమానం ప్రకారం పిల్లల పేదరికం 2021లో 5.2 శాతం, 2022లో 12.4 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పిల్లలను తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. వర్గాల గొడవను వినోదంగా మాట్లాడుకునేవాళ్లకు ముందు ఈ అంకెలే చూపిస్తాను.

మా జూమ్ మీటింగ్‌లో నేను చేసిన తప్పు

2021 సెప్టెంబర్‌లో మా స్థానిక సంఘానికి రెండు తీర్మానాలు వచ్చాయి. ఒకటి తెచ్చినది రిటైరైన ఎలక్ట్రీషియన్, ముప్పై ఏళ్లు యూనియన్‌లో ఉన్న మనిషి. రోడ్ల బిల్లు వెంటనే పాస్ చేయాలి, పనులు ఆగిపోతున్నాయి అన్నది ఆయన మాట. రెండోది తెచ్చినది డేకేర్‌లో పనిచేసే అమ్మాయి. రెండో బిల్లు వచ్చేదాకా మొదటిది ఆపాలని ఆమె కోరిక. చర్చ నడుపుతున్నది నేను. అందరూ అలసిపోయి ఉన్నారు, గొంతులు పెరుగుతున్నాయి. నేను రెండిటినీ కలిపి ఒకే వాక్యం రాశాను: రెండు బిల్లులనూ వీలైనంత త్వరగా ఆమోదించాలని ఈ సంఘం కోరుతోంది. చేతులన్నీ లేచాయి. ఒక్క వ్యతిరేక ఓటు లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. ‘నేను అడిగింది ఏది ముందు అని. దానికి జవాబు చెప్పకుండా మీరు మీటింగ్ ముగించారు.’ తర్వాతి రెండు మీటింగులకు ఆమె రాలేదు. మూడోదానికి రమ్మని అడగడానికి నేనే వెళ్లాను.

నేను చేసినదే పెద్ద స్థాయిలో పార్టీ నాయకత్వం కూడా చేస్తోందని అప్పటికి నాకు తెలియదు.

జులై కాగితం

సెప్టెంబర్ 27న రోడ్ల బిల్లును సభ ముందుకు తెస్తామని స్పీకర్ పెలోసీ మోడరేట్లకు మాటిచ్చారు. ఆ రోజు గడిచింది. 30వ తేదీకి జరిగింది. సరిగ్గా 30న ఒక కాగితం బయటపడింది. జులై 28న మాంచిన్, సెనేట్ నాయకుడు షూమర్ ఇద్దరూ సంతకాలు పెట్టిన పత్రం. అందులో మాంచిన్ స్పష్టంగా రాసుకున్నాడు: తన పరిమితి 1.5 లక్షల కోట్లు, అక్టోబర్ 1కి ముందు చర్చే మొదలుపెట్టకూడదు. షూమర్ కింద తన చేత్తో, వీటిలో చాలావాటి మీద జో మనసు మార్చే ప్రయత్నం చేస్తానని రాశారు.

రెండు నెలలు! ఆ రెండు నెలలూ సభలో 3.5 అంకె మీద కమిటీలు కూర్చుని బిల్లు రాశాయి. మేము తలుపులు తట్టి ఆ అంకెనే చెప్పాం. డేకేర్ అమ్మాయి దాన్నే నమ్మింది. నాయకత్వం దగ్గర మాత్రం 1.5 అని రాసిన కాగితం ఉంది. షూమర్‌ది చెడ్డ ఉద్దేశం అని నేననను. ఆగస్టులో బడ్జెట్ తీర్మానం గెలవాలంటే మాంచిన్ ఓటు కావాలి, శాండర్స్ ఓటూ కావాలి. ఇద్దరికీ తమ అంకె బతికే ఉందనిపించాలి. నేను మా మీటింగ్‌లో రాసిన వాక్యం లాంటిదే అది. ఆ పూటకు అందరూ ఒప్పుకుంటారు, ఖర్చు తర్వాత తేలుతుంది.

అక్టోబర్ 1న బైడెన్ కాపిటల్‌కు వచ్చి సభ్యులతో మాట్లాడారు. ఆరు నిమిషాలైనా, ఆరు రోజులైనా, ఆరు వారాలైనా పర్వాలేదు, పూర్తిచేద్దాం అన్నారు. ప్రోగ్రెసివ్‌లకు అది గెలుపులా వినిపించింది. 28న 1.75 లక్షల కోట్ల చట్రం ప్రకటించారు. ఉచిత కమ్యూనిటీ కాలేజీ పోయింది. బొగ్గు రాష్ట్రం వెస్ట్ వర్జీనియా సెనేటర్ మాంచిన్ ఒప్పుకోనందుకు విద్యుత్ సంస్థలను స్వచ్ఛ ఇంధనం వైపు నడిపించే కార్యక్రమం పోయింది. ఏది ఉంచాలో, ఏది వదలాలో పార్టీ కూర్చుని తేల్చుకోలేదు. చివరి ఓటు ఎవరిదో వాళ్లు కాదన్నవి ఒక్కొక్కటీ రాలిపోయాయి.

నవంబర్ 5 రాత్రి

నవంబర్ 2న వర్జీనియా గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ టెర్రీ మెక్‌ఆలిఫ్ ఓడిపోయారు. రోడ్ల బిల్లు ఆపినందుకే అని మోడరేట్లు, ఇచ్చిన మాటలు నిలబెట్టుకోనందుకే అని ప్రోగ్రెసివ్‌లు. ఓటమి అందరికీ సాక్ష్యమే.

5వ తేదీ పొద్దుటి నుంచి రాత్రి దాకా లెక్కలు కుదరలేదు. చివరికి నల్లజాతి సభ్యుల బృందం బ్లాక్ కాకస్ అధ్యక్షురాలు జాయిస్ బీటీ తదితరులు మధ్యలో నిలబడి ఒక దారి తెచ్చారు: ఆ రాత్రి రోడ్ల బిల్లు మీద ఓటు, బదులుగా ఐదుగురు మోడరేట్లు, ఖర్చు లెక్కలు అనుకున్నట్టే వస్తే నవంబర్ 15తో మొదలయ్యే వారంలోపు రెండో బిల్లుకు ఓటేస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తారు. జయపాల్ ఒప్పుకున్నారు. బిల్లు 228–206తో గెలిచింది. ఆరుగురు డెమోక్రాట్లు వ్యతిరేకించారు: ఒకాసియో–కోర్టెజ్, ఒమర్, తలైబ్, ప్రెస్లీ, బౌమన్, బుష్.

కొత్తవాళ్లకు నేను ఈ ఓట్లను కాగితం మీద విడదీసి చూపిస్తాను. 221 మంది డెమోక్రాట్లలో ఆరుగురు పోతే మిగిలింది 215. గెలవడానికి కావలసింది 218. అంటే 13 మంది రిపబ్లికన్లు అటు నుంచి ఓటెయ్యకపోతే ఆ రాత్రి బిల్లు పడిపోయేది. రెండు నెలల ప్రోగ్రెసివ్‌ల పట్టు ఎంత బలమైనదో, ఎంత పలుచనిదో రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఐదుగురు మోడరేట్లు మాట తప్పలేదు. నవంబర్ 19న బిల్డ్ బ్యాక్ బెటర్ సభలో 220–213తో గెలిచింది, డెమోక్రాట్లలో వ్యతిరేకించినది జారెడ్ గోల్డెన్ ఒక్కరే. ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది. గాట్‌హైమర్ వర్గాన్ని ఎన్ని మాటలన్నా, రాసిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. కానీ వాళ్ల హామీ వాళ్ల ఓట్లకే. మాంచిన్ నుంచి ఎవరూ ఏదీ రాయించుకోలేదు. ఆయన రాసిచ్చిన ఒకే ఒక్క కాగితం జులైదే.

డిసెంబర్ 19న మాంచిన్ ఫాక్స్ న్యూస్‌లో కూర్చుని ఈ బిల్లుకు ఓటెయ్యలేనని చెప్పేశారు. నవంబర్ 5న వ్యతిరేకించిన ఆరుగురూ భయపడింది అక్షరాలా జరిగింది.

మరి మాంచిన్‌ను లొంగదీయడం సాధ్యమయ్యేదా? కాదనే నా అభిప్రాయం. 2020లో వెస్ట్ వర్జీనియాలో ట్రంప్ దాదాపు 39 పాయింట్ల తేడాతో గెలిచారు. బిల్లు చచ్చిపోతే మాంచిన్‌కు ఇంట్లో నష్టం లేదు. రెండు బిల్లులూ పోతే ప్రోగ్రెసివ్‌లు ఏ ముఖంతో ఇంటికెళ్తారు? బేరంలో లేచి వెళ్లిపోగలిగినవాడిదే పైచేయి. వాళ్లు లేవలేరని ఆయనకు తెలుసు. జంట ముడి వల్ల ఒరిగింది మాత్రం ఉంది: అది లేకపోతే రెండో బిల్లు సభలో ఓటు దాకా కూడా వచ్చేది కాదు.

మిగిలింది

2022 జులై 27న మాంచిన్, షూమర్ ఉన్నట్టుండి రెండో బిల్లులోని కొన్ని భాగాల మీద ఒప్పందం ప్రకటించారు. ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఆగస్టు 7న సెనేట్‌లో 51–50తో, 12న సభలో 220–207తో గెలిచింది. సభలో ఒక్క డెమోక్రాట్ కూడా వ్యతిరేకించలేదు. స్వచ్ఛ ఇంధనానికి, వాతావరణానికి సుమారు 36,900 కోట్ల డాలర్లు, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్ల పరిమితి, కొన్ని మందుల ధరల మీద బేరమాడే అధికారం. కొన్నే, కానీ చాలావరకు ఎక్కువ కాలానికి. జయపాల్ దానికి ఓటేసి, అందరినీ వెయ్యమన్నారు. పిల్లల క్రెడిట్ లేదు. డేకేర్ లేదు.

మా మీటింగుల్లో నేను పద్ధతి మార్చాను. చర్చకు ముందే రెండు పక్షాలనూ ఒక ప్రశ్నకు రాతలో జవాబు ఇమ్మంటాను: మీరు అడిగినదంతా రాకపోతే మొదట ఏది వదిలేస్తారు? ఎవరికీ ఇష్టం ఉండదు. ఒకసారి ఇద్దరు అలిగి కెమెరాలు కట్టేశారు. ఆ జవాబులు అందరూ చదివాకే ఓటు. డేకేర్ అమ్మాయి ఇప్పుడు మా తీర్మానాల కమిటీలో ఉంది. ఆ ప్రశ్న నాకంటే గట్టిగా అడుగుతుంది.

ఈ కేసులో మనవాళ్లకు నేరుగా తగిలిన ముక్క ఒకటుంది. సభ పాస్ చేసిన బిల్డ్ బ్యాక్ బెటర్‌లో, పాత ఏళ్లలో వాడకుండా మిగిలిపోయిన గ్రీన్‌కార్డు సంఖ్యలను మళ్లీ వాడుకునే నిబంధన ఉంది. పత్రాలు లేని వలసదారులకు హోదా ఇచ్చే ప్రతిపాదనలను సెనేట్ నిబంధనలు చూసే అధికారి, పార్లమెంటేరియన్, అప్పటికే రెండుసార్లు తిరస్కరించినా, సభ బిల్లులో ఇది మిగిలింది. ఏళ్ల తరబడి వరసలో ఉన్న భారతీయులకు అది పెద్ద ఆశ. మా వీధిలో ఉండే తమ్ముడు, ఓటు హక్కు లేకపోయినా 2020లో నాతో కలిసి పోస్ట్‌కార్డులు రాసినవాడు, ఆ పేజీ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్‌లో అసలు ఇమ్మిగ్రేషన్ భాగమే లేదు.

ఆగస్టు 12 సాయంత్రం మేము సంబరం చేసుకుంటుంటే వచ్చాడు. కాఫీ తాగి, బయల్దేరేముందు మెట్ల మీద ఆగాడు.

“అన్నా, మా క్లాజు పోతుందని మీ పెద్దవాళ్లకు ఎప్పటి నుంచి తెలుసు?”

“ఏడాది నుంచి అనుకుంటారా.”

“ముందే చెప్పుంటే మేం కెనడా పేపర్లు అప్పుడే వేసుకునేవాళ్లం కదా.”

వాళ్ల పెద్దమ్మాయి అప్పుడు పదకొండో తరగతిలోకి వెళ్తోంది. ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా మీద ఆధారపడిన హెచ్–4 పోతుంది. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, ఇంకా ఐదేళ్లు.